కెమెరా వెళ్లని చోట పాడినవాళ్లు

పాత సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ), రాక్ సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. పోయినవాళ్లలో ఒక్కరి కచేరీకి వెళ్లే అవకాశం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు? జవాబులు పెద్దగా మారవు. జిమి హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, ఫ్రెడ్డీ మెర్క్యురీ ఉన్నప్పటి క్వీన్, జాన్ బోనమ్ డ్రమ్స్ వాయించిన నాటి లెడ్ జెప్లిన్. సోల్ వైపు ఓటిస్ రెడింగ్, అరీతా ఫ్రాంక్లిన్, జేమ్స్ బ్రౌన్. కాస్త లోతుకి దిగినవాళ్లు సామ్ కుక్ పేరు చెప్తారు. ఇంకా దిగినవాళ్లు డానీ హాథవే అంటారు.

ఈ జాబితాని ప్రతిభే తయారుచేసిందని అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ ఒక్కో పేరు వెనకాల వెతికితే ఎక్కడో ఒక టేపు, ఒక రీలు కనిపిస్తుంది. చూడలేకపోయామన్న బాధ కలగాలంటే, ఏం పోయిందో కాస్తయినా తెలియాలి. ఏమీ మిగలని గాయకుడి కోసం ఎవరూ బాధపడరు, ఆయన ఉన్నాడనే తెలియదు కాబట్టి. ప్రతి కచేరీ వీడియోలో దొరికే గాయకుడి కోసమూ అంతగా కొట్టుకోరు. కొంత మిగిలి, చాలా పోయినవాళ్ల దగ్గరే ప్రాణం పీకుతుంది. ఎవరిది ఎంత మిగలాలో నిర్ణయించింది 1960ల అమెరికాలో రికార్డు కంపెనీలు, టీవీ సంస్థలు, సినిమా వాళ్లు. వాళ్లు రాక్ దగ్గరికి పరిగెత్తినంత వేగంగా సోల్ దగ్గరికి వెళ్లలేదు. మన జాబితాల్లో రాక్ పేర్లు ఎక్కువ కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

సామ్ కుక్ సంగతే చూడండి. 1931లో మిసిసిపిలో పుట్టి, షికాగోలో పెరిగి, సోల్ స్టిరర్స్ అనే భక్తిగీతాల బృందంలో ప్రధాన గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. 1957లో చర్చి పాటలు వదిలి ప్రేమ పాటలకి వచ్చాడు. వచ్చీ రాగానే అమెరికా పాప్ చార్టులో మొదటి స్థానం. రేడియోలో వినిపించే సామ్ కుక్ గొంతు పట్టులా జారుతుంది. ఎక్కడా గరుకు తగలదు. తెల్లవాళ్ల డ్రాయింగ్ రూముల్లో కూడా చెల్లే గొంతు అని ఆయన రికార్డు కంపెనీ ఆర్‌సీఏ అనుకున్నది ఈ నునుపు చూసే.

1963 జనవరి 12 రాత్రి మయామీలోని ఓవర్‌టౌన్ అనే నల్లజాతి పేటలో, హార్లెమ్ స్క్వేర్ క్లబ్బులో ఆయన పాడుతుంటే అదే కంపెనీ రికార్డు చేసింది. శాక్సఫోన్ మీద కింగ్ కర్టిస్. టేపు విన్న కంపెనీకి టెన్షన్ పట్టుకుంది. అందులో పాడుతున్నది రేడియోలో వినిపించే మనిషి కాడు. గొంతు బొంగురుపోయింది, కేకలు పెడుతున్నాడు, జనం చేత పాడిస్తున్నాడు. ఒకచోట పాట మొదలుపెట్టే ముందు మాటల్లోకి దిగుతాడు. ప్రియురాలితో గొడవైంది, ఫోన్ చేస్తున్నాడు, టెలిఫోన్ ఆపరేటర్‌ని బతిమాలుతున్నాడు. అటు ఆమె లైన్లోకి వచ్చినట్టు నటిస్తూ తన మొదటి హిట్టులోని ముక్క అందుకుంటాడు. హాలు గోల గోల. జనం మిగతా పాట కోసం ఎదురుచూస్తుంటే అక్కడే వదిలేసి ఇంకో పాటలోకి వెళ్లిపోతాడు. దేశమంతా మొదటి స్థానంలో నిలబెట్టిన పాటని ఇలా ఎర వేయడానికి మాత్రమే వాడుకున్నాడంటే, ఆ గదిలోని జనం మీద ఎంత పట్టు ఉండాలి!

ఈ రికార్డు బయటికి వస్తే ఇంతకాలం కట్టుకున్న పెద్దమనిషి పేరు దెబ్బతింటుందని కంపెనీ దాన్ని బీరువాలో పెట్టేసింది. అది మార్కెట్లోకి వచ్చింది 1985లో. ఈలోగా కంపెనీ జనానికి ఇచ్చిన లైవ్ ఆల్బమ్ వేరే. 1964 జులైలో న్యూయార్క్ కోపాకబానా (ముద్దుగా కోపా) క్లబ్బులో, భోంచేస్తూ వినే తెల్లజాతి శ్రోతల ముందు రికార్డు చేసినది. 1958లో అదే క్లబ్బులో పాడి ఆయన దెబ్బతిన్నాడు. ఈసారి టైమ్స్ స్క్వేర్‌లో పెద్ద హోర్డింగ్ పెట్టించుకుని మరీ వచ్చాడు, గెలిచాడు. అదీ మంచి ఆల్బమే, చులకన చేయాల్సిన పనిలేదు. కానీ రెండు చోట్లా పాడిన పాట ఒకటుంది, పాతకాలపు ప్రేమ పాట, ‘ఫర్ సెంటిమెంటల్ రీజన్స్’. కోపాలో అది వయ్యారంగా సాగుతుంది. మయామీలో ఆయన ఒక మాట అంటే హాలంతా తర్వాతి మాట అందుకుంటుంది. చివరికి ఎవరు ఎవరికి పాడుతున్నారో తెలియదు. ఒకే మనిషి, ఒకే పాట, మధ్యలో ఏడాదిన్నర కూడా సరిగ్గా ఎడం లేదు.

కోపా ఆల్బమ్ వచ్చిన రెండు నెలలకే, 1964 డిసెంబరు 11న, లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్లో తుపాకి కాల్పుల్లో సామ్ కుక్ చనిపోయాడు. 33 ఏళ్లు. అంటే ఇరవై ఏళ్లపాటు ప్రపంచానికి తెలిసిన రంగస్థల సామ్ కుక్ కోపా మనిషే. ఆయన కచేరీ చూడలేకపోయామే అని అభిమానులు గట్టిగా అనుకోవడం మొదలైంది 1985 తర్వాతే. ఆయన ప్రతిభేమీ ఆ ఏడు పెరగలేదు.

సోల్ సంగీతానికి రికార్డుకీ వేదికకీ మధ్య ఇంత దూరం ఎందుకుంటుందన్నది అసలు విషయం. సోల్ పుట్టింది నల్లజాతి చర్చిల్లో. అక్కడ బోధకుడు ఒక మాట అంటే జనం బదులు పలుకుతారు. ఆ బదులు ఎంత గట్టిగా వస్తే ఆయన అంత ముందుకు వెళ్తాడు, రాకపోతే అదే వాక్యాన్ని తిప్పి తిప్పి చెప్తాడు. పాటలోకి వచ్చినా ఈ పద్ధతి పోలేదు. స్టూడియోలో బదులిచ్చే జనం లేరు. పైగా అప్పటి వ్యాపారమంతా 45 ఆర్‌పీఎం సింగిల్స్‌ది, అంటే వైపుకొక పాట ఉండే చిన్న ప్లేట్లది, రేడియో వాళ్లకి రెండున్నర, మూడు నిమిషాలు మించి పాట పనికిరాదు. మన పద్యనాటకం ఎరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. వేదిక మీద నటుడు పద్యం చివరి పాదాన్ని రాగంలో ఎంతసేపు తీస్తాడో, ఎన్ని వన్స్‌మోర్లు పడతాయో ఆ ఊరి జనాన్ని బట్టి ఉండేది. గ్రామఫోన్ ప్లేటుకి వచ్చేసరికి మూడు నిమిషాల్లో ముగించాలి. ప్లేట్లు విని ఆ నటుల్ని అంచనా కట్టడం ఎంత కష్టమో, సింగిల్స్ విని సోల్ గాయకుల్ని అంచనా కట్టడమూ అంతే.

ఈ దూరాన్ని అందరికంటే ముందు లెక్కగట్టినవాడు జేమ్స్ బ్రౌన్. తన కచేరీని ఆల్బమ్‌గా తీయమని కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నాథన్‌ని అడిగాడు. జనం దగ్గర ఇప్పటికే ఉన్న పాటల్ని మళ్లీ ఎవరు కొంటారని ఆయన డబ్బు పెట్టనన్నాడు. బ్రౌన్ సొంత డబ్బు, 5,700 డాలర్లు పెట్టి, 1962 అక్టోబరు 24న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో రికార్డు చేయించాడు. ఆ వారమే క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచం ఊపిరి బిగబట్టి ఉంది. ఆల్బమ్‌లో దాదాపు పదకొండు నిమిషాల పాట ఒకటుంది. ఎల్‌పీ ఒక వైపు పట్టక, మధ్యలో ప్లేటు తిప్పి వినాల్సి వచ్చేది. ఆ పాటలో ఆయన ఒక్క మాట పట్టుకుని జనాన్ని గిల్లుతూ, ఆగుతూ, ఒక్కో అరుపుకి బదులుగా ఇంకో అరుపు రాబట్టడం స్పష్టంగా వినిపిస్తుంది. 1963లో విడుదలై బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్ చార్టులో 66 వారాలు నిలిచింది, రెండో స్థానం దాకా ఎక్కింది. రేడియో డీజేలు ఒక వైపు మొత్తం ఆపకుండా వేసి, ప్రకటనలు చెప్పుకుని, రెండో వైపు వేసేవాళ్లట. నాథన్ లెక్క ఎంత తప్పో వేరే చెప్పాలా?

అయితే ఇది బ్రౌన్ జేబులోంచి తీసిన డబ్బుతో అయిన పని. అందరికీ ఆ జేబు లేదు. జాతి వివక్ష చట్టాల కాలంలో నల్లజాతి కళాకారులు తిరిగిన హాళ్ల వరసకి ‘చిట్లిన్ సర్క్యూట్’ అని పేరు. న్యూయార్క్ అపోలో, వాషింగ్టన్ హోవర్డ్, బాల్టిమోర్ రాయల్, ఫిలడెల్ఫియా అప్‌టౌన్, షికాగో రీగల్ పెద్దవి. వాటి కింద దక్షిణాదిలో లెక్కలేనన్ని చిన్న క్లబ్బులు. ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఈ గాయకులు పాడింది అక్కడే, తమను చిన్నప్పటి నుంచి ఎరిగిన జనం ముందే. ఆ రాత్రుల్లో టేపు తిరిగినవి చాలా తక్కువ, కెమెరా తిరిగినవి ఇంకా తక్కువ. అలా పోయినవాటిలో గాయకుడు జాకీ విల్సన్ కచేరీలూ ఉన్నాయి. ఆయన రికార్డులు నాజూకు వాయిద్యాల కింద నలిగిపోయాయన్న మాట విమర్శకులు ఎప్పటి నుంచో అంటున్నారు. వేదిక మీద ఆయన్ని చూసినవాళ్లు మాత్రం గుండెలు బాదుకుని చెప్తారు. 1975 సెప్టెంబరులో న్యూజెర్సీలో పాడుతూ వేదిక మీదే కుప్పకూలితే, అదీ ప్రదర్శనలో భాగమేనని కొందరు చప్పట్లు కొట్టారంటారు. ఆ తర్వాత ఆయన కోలుకోలేదు, 1984లో చనిపోయాడు.

కెమెరాలు సోల్ దగ్గరికి వచ్చిన కొన్ని సందర్భాలు గమనిస్తే, అవి వేరే పని మీద వచ్చి సోల్‌ని పట్టుకున్నవే. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలో జరిగిన మాంటెరీ పాప్ పండుగ తెల్లజాతి హిప్పీ యువతది. డి. ఎ. పెన్నెబేకర్ బృందం సినిమా తీస్తోంది. శనివారం అర్ధరాత్రి దాటబోతుండగా ఓటిస్ రెడింగ్ వచ్చాడు. వెనకాల మెంఫిస్ స్టాక్స్ స్టూడియో వాద్యకారులు, అందరూ ఒకేలాంటి సూట్లలో. పూసల దండలు, రంగుల కుర్తాల గుంపు ముందు ఆ సూట్లే ఒక వింత. సమయం మించిపోయింది, వాన తుంపర మొదలైంది. ఉన్నది ఇరవై నిమిషాలు, పాడింది అయిదు పాటలు. ఒక నెమ్మది పాటలో కెమెరా ఆయన వెనక నుంచి చూస్తుంది. ఎదుటి స్పాట్‌లైట్‌కి ఆయన తల అడ్డొచ్చినప్పుడు తెర చీకటి, పక్కకి జరగ్గానే కళ్లు మిరుమిట్లు. ఆ వెలుగు చీకట్ల మధ్య వాక్యం మధ్యలో ఆగిపోయి, బ్యాండుని ఆపించి, మళ్లీ మొదలుపెడతాడు. మనకి ఓటిస్ రెడింగ్ వేదిక అంటే ఇదే. ఆరు నెలలు తిరక్కుండా, డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మనోనా సరస్సులో విమానం కూలి 26 ఏళ్లకే పోయాడు. ఆయనతో పాటు, ఆయన వెంట వాయించే బార్-కేస్ బృందంలో నలుగురు. ఇరవై నిమిషాల రీలు లేకపోతే ఆయన మన జాబితాలో ఇంత పైన ఉండేవాడా అని అనుమానించాల్సిందే.

అదే పండుగలో జానిస్ జాప్లిన్ కథ ఇంకా ముచ్చటైనది. ఆమె బృందం బిగ్ బ్రదర్ శనివారం మధ్యాహ్నం పాడింది, జనం వెర్రెత్తిపోయారు. కానీ బృందం మేనేజర్ చిత్రీకరణకి ఒప్పుకోలేదు, కెమెరాలు ఆగి ఉన్నాయి. విషయం తెలిసి అందరూ లబోదిబోమన్నారు. చివరికి కెమెరా కోసమే ఆదివారం వాళ్లని మళ్లీ ఎక్కించారు. ఆ మూడు రోజుల్లో రెండుసార్లు పాడిన బృందం అదొక్కటే. మనం సినిమాలో చూసి పొంగిపోయేది ఆ రెండోసారి పాడినదాన్ని. ఇంకో మాట. ఆ పండుగలో అందరూ ఉచితంగా వాయిస్తే, పారితోషికం తీసుకున్న ఒకే ఒక్క కళాకారుడు మన పండిట్ రవిశంకర్. సినిమా చివరి భాగం ఆయన సితారుదీ అల్లారఖా తబలాదీ.

జేమ్స్ బ్రౌన్ బోస్టన్ కచేరీ సంగతి మరీ చిత్రం. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. మర్నాడు రాత్రి బోస్టన్ గార్డెన్‌లో బ్రౌన్ కచేరీ. ఊళ్లో అల్లర్లు జరుగుతాయన్న భయంతో, యువకులు ఇళ్లలోనే ఉంటారని నగర పాలకులు దాన్ని స్థానిక టీవీలో నేరుగా ప్రసారం చేయించారు. వేలమంది పట్టే హాల్లో రెండు వేలమందో ఏమో వచ్చారు. ఊరు చాలావరకు సద్దుమణిగింది. మనకి మాత్రం బ్రౌన్ మంచి ఊపులో ఉన్నప్పటి కచేరీ మొత్తం మిగిలింది. కెమెరా వచ్చింది శాంతిభద్రతల కోసం, సంగీతం అందులో అనుకోకుండా దొరికిన లాభం.

ఇక్కడ చిన్న పక్కదారి. మోకాళ్ల మీద పడిపోవడం, భుజాల మీద దుప్పటి కప్పి తీసుకెళ్తుంటే విదిలించుకుని మైకు దగ్గరికి పరిగెత్తుకు రావడం, ఒంటికాలి మీద జారుకుంటూ వేదిక దాటడం, ఇవన్నీ బ్రౌన్ విద్యలు. చిన్నప్పుడు టీవీలో ఆయన్ని చూసి నేర్చుకున్నానని మైకేల్ జాక్సన్ చాలాసార్లు చెప్పాడు. 1980ల్లో వీడియో క్యాసెట్ల మీదుగా జాక్సన్ స్టెప్పులు తెలుగు సినిమాలోకి దిగాయి. చిరంజీవి డాన్స్ చూసి ఈలలు వేసిన మన కుర్రాళ్లలో చాలామందికి జేమ్స్ బ్రౌన్ పేరు కూడా తెలియదు, ఆ పాదాల పనిలో కొంత ఆయనదే అయినా.

కెమెరా పక్షపాతం కళ్లకి కట్టాలంటే 1969 వేసవి ఒక్కటి చాలు. ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ పొలాల్లో వుడ్‌స్టాక్ జరిగింది, సుమారు నాలుగు లక్షలమంది. మరుసటి ఏడాదే సినిమా వచ్చింది, ఆస్కార్ తెచ్చుకుంది, ఒక తరానికి గుర్తయిపోయింది. అదే వేసవిలో, జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఆరు ఆదివారాలు, న్యూయార్క్ నగరంలోనే హార్లెమ్ పార్కులో ఉచితంగా హార్లెమ్ సాంస్కృతిక ఉత్సవం జరిగింది. మొత్తం మీద మూడు లక్షలమంది వచ్చారని అంచనా. స్టీవీ వండర్, నీనా సిమోన్, గ్లాడిస్ నైట్, బి. బి. కింగ్, మహేలియా జాక్సన్, స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్. ఇంతకంటే ఏం కావాలి? హాల్ టల్చిన్ అనే దర్శకుడు దాదాపు 40 గంటలు వీడియో టేపు మీద పట్టాడు. కొద్ది భాగం టీవీలో వచ్చింది, మిగతాది కొనేవాళ్లు లేరు. ‘నల్లవాళ్ల వుడ్‌స్టాక్’ అని పేరు పెట్టి అమ్మజూపినా ఎవరూ కదల్లేదు. టేపులు ఆయన ఇంటి కింది గదిలో యాభై ఏళ్లు పడి ఉన్నాయి. 2021లో డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ వాటితో ‘సమ్మర్ ఆఫ్ సోల్’ అనే డాక్యుమెంటరీ తీస్తే దానికీ ఆస్కార్ వచ్చింది, అర్ధ శతాబ్దం ఆలస్యంగా. 19 ఏళ్ల స్టీవీ వండర్ కీబోర్డు వదిలి డ్రమ్స్ ముందు కూర్చుని వాయించే దృశ్యంతో అది మొదలవుతుంది. అప్పటి నుంచి ఆ పార్కులో ఉండి ఉంటే బాగుండేదని అనేవాళ్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నారు. 2020 దాకా అలా అన్నవాళ్లు ఎంతమందిని చూశాం?

స్లై స్టోన్ బృందం రెండు చోట్లా వాయించింది. వుడ్‌స్టాక్‌లో తెల్లవారుజామున మూడున్నరకి వాళ్లు లేపిన గుంపు గురించి అందరికీ తెలుసు. హార్లెమ్‌లో వాళ్లు ఏం చేశారో తెలియడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

వుడ్‌స్టాక్ అనగానే ఉన్నవాళ్లంతా హెండ్రిక్స్‌ని చూశారనుకోవడం కూడా భ్రమే. ఆదివారం రాత్రి రావాల్సిన ఆయన ఆలస్యాల వల్ల సోమవారం పొద్దున వేదికెక్కాడు. అప్పటికి జనంలో ఎక్కువమంది మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. బురద, చెత్త మధ్య మిగిలిన కొద్దిపాటి గుంపు ముందు ఆయన రెండు గంటలు వాయించాడు. మధ్యలో గిటారు మీద అమెరికా జాతీయగీతాన్ని బాంబుల మోతగా మార్చాడు. సినిమా చూసినవాళ్లు చూశారు, టికెట్ కొని బురదలో మూడు రోజులు పడుకున్నవాళ్లు చాలామంది చూడలేదు. ఏడాది తర్వాత, 1970 సెప్టెంబరు 18న, 27 ఏళ్లకి హెండ్రిక్స్ లండన్‌లో చనిపోయాడు.

అరీతా ఫ్రాంక్లిన్ విషయంలో కెమెరా వెళ్లింది, మనుషులూ ఉన్నారు, డబ్బూ ఉంది. అయినా దక్కలేదు. 1972 జనవరి 13, 14 రాత్రుల్లో లాస్ ఏంజెలెస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో ఆమె చిన్ననాటి భక్తిగీతాలు పాడింది. రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్ పియానో దగ్గర, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ బృందగానం. వెనక వరసలో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ కూడా ఉన్నాడు. ఆల్బమ్ అమెరికాలో ఇరవై లక్షల కాపీలు దాటింది. సినిమా తీయడానికి వార్నర్ బ్రదర్స్ సిడ్నీ పొలాక్‌ని పంపింది. ఆయన కథా చిత్రాల దర్శకుడు. షాట్ మొదట్లో క్లాప్ కొట్టడమన్నది ఎంత చిన్న పని! దాన్నే వదిలేశారు. ఇరవై గంటల దృశ్యం ఒకవైపు, శబ్దం ఒకవైపు, ఏ పెదవి కదలిక ఏ మాటదో తెలియదు. పెదవులు చదివేవాళ్లని కూర్చోబెట్టినా సగం కూడా కలవలేదు. సినిమా అటకెక్కింది. దశాబ్దాల తర్వాత ఎలన్ ఎలియట్ అనే నిర్మాత డిజిటల్ పద్ధతిలో కలిపాడు. అప్పుడు అరీతాయే కోర్టుకి వెళ్లి విడుదల ఆపించింది. 2018 ఆగస్టులో ఆమె పోయాక కుటుంబం ఒప్పుకుంటే, ఆ ఏడాది చివర్లో జనం చూశారు. ఆమె మాట్లాడదు, నవ్వదు. పాడుతూ ఉంటే చెమట కారిపోతుంటుంది. ఒకచోట వాళ్ల నాన్న లేచి వచ్చి, పియానో దగ్గర కూర్చున్న ఆమె ముఖం రుమాలుతో తుడుస్తాడు. ఆ ఒక్కటీ ఆల్బమ్ ఎంత విన్నా దొరకదు.

ఇంతకీ చూడలేకపోయామని బాధపడనక్కర్లేని కచేరీలు కూడా ఉన్నాయి. బీటిల్స్ వాటిలో మొదటివి. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేలమంది పైగా కూర్చున్నారు. వంద వాట్ల ఆంప్లిఫయర్లు, ఆటల ప్రకటనలకి పెట్టిన స్టేడియం మైకులు. ఆ అరుపుల్లో తమ వాయిద్యం తమకే వినపడక డ్రమ్మర్ రింగో ముందున్న ముగ్గురి కదలికలు చూసి తాళం వేయాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1966 ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆఖరి టికెట్ కచేరీ చేసి స్టూడియోలోకి వెళ్లిపోయారు. వాళ్ల గొప్ప పనంతా ప్లేట్ల మీద మనకి దక్కింది. షే స్టేడియంలో ఉండి ఉంటే ఆ రోజు గురించి చెప్పుకోవడానికి కథ మిగిలేది, చెవికి మాత్రం పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

బీటిల్స్ మొదటిసారి న్యూయార్క్‌లో దిగింది 1964 ఫిబ్రవరి 7న. ఆ రాత్రే సామ్ కుక్ ఎన్‌బీసీ టునైట్ షోలో, నల్లజాతి పౌర హక్కుల ఉద్యమానికి పాటగా నిలిచిపోయిన ‘ఎ చేంజ్ ఈజ్ గోనా కమ్’ని పాడాడు. టీవీలో ఆయన దాన్ని పాడింది ఆ ఒక్కసారే. రెండు రోజుల తర్వాత సీబీఎస్‌లో ఎడ్ సలివన్ షోలో బీటిల్స్‌ని 7 కోట్ల 30 లక్షలమంది చూశారు. సలివన్ టేపు ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. టునైట్ షో టేపు దాచలేదు, పోయింది. ఎవరూ కుట్ర చేయలేదు. అప్పట్లో టేపులు చెరిపి మళ్లీ వాడటం మామూలే. కాకపోతే ఏది చెరపాలి, ఏది దాచాలి అన్నప్పుడు ఎవరి విలువ ఎంతని చూశారో తెలిసిపోతోంది.

లైవ్ రికార్డు అన్నంత మాత్రాన అది ఆ రాత్రి యథాతథం అనుకోవడం కూడా పొరపాటే. జనం గోల ఎంత వినిపించాలో మిక్సింగ్ చేసేవాడి చేతిలో ఉంటుంది. రెండు మూడు రాత్రుల్లోంచి ఏరి ఒక రాత్రిలా అతికిస్తారు. డానీ హాథవే 1972 లైవ్ ఆల్బమ్ ఒక వైపు హాలీవుడ్ ట్రూబడార్‌ది, రెండో వైపు న్యూయార్క్ బిటర్ ఎండ్‌ది. ఇందులో మోసం లేదు, కవరు మీద రాసే ఉంటుంది. అయినా లైవ్ ఆల్బమ్‌లలో ఒక్కటే ఎంచుకోమంటే చాలామంది సంగీతకారులు దీని దగ్గరికే వస్తారు. కారణం జనం. అందరికీ తెలిసిన స్నేహగీతం మొదటి స్వరాలు ఎలక్ట్రిక్ పియానో మీద పడగానే హాలంతా కేక. పల్లవి వచ్చేసరికి హాథవే దాదాపు తప్పుకుంటాడు, శ్రుతి తప్పకుండా జనమే పాడతారు. చిన్న క్లబ్బు కాబట్టి ఆ గొంతులు స్టేడియం హోరులా కాకుండా మనుషుల గొంతుల్లా వినిపిస్తాయి. మానసిక అనారోగ్యంతో ఏళ్లు బాధపడి 1979లో 33 ఏళ్లకే హాథవే చనిపోయాడు.

రాక్ వైపు ఈ కోరికకి పెద్ద మార్కెట్టే ఉంది. 2007 డిసెంబరు 10న లండన్ ఓటూ ఎరీనాలో లెడ్ జెప్లిన్ ఒక్క రాత్రికి మళ్లీ కలిసింది. డ్రమ్స్ మీద బోనమ్ కొడుకు జేసన్. పద్దెనిమిది వేల సీట్లకి రెండు కోట్ల దరఖాస్తులు వచ్చాయని అప్పట్లో వార్తలు, లాటరీ తీశారు. అదే హాల్లో 2009 జులై నుంచి మైకేల్ జాక్సన్ 50 ప్రదర్శనలకి టికెట్లన్నీ అమ్ముడయ్యాక, జూన్ 25న ఆయన చనిపోయాడు. డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా జ్ఞాపకంగా అచ్చేసిన టికెట్ తీసుకోవచ్చు అని నిర్వాహకులు చెప్పారు. జరగని కచేరీ టికెట్ కోసం డబ్బు వదులుకున్నవాళ్లు ఉన్నారు. మన వైపు ఆయన్ని చూసే భాగ్యం 1996 నవంబరు 1న ముంబైలో జరిగిన ఒక్క కచేరీకి వెళ్లినవాళ్లదే. జెప్లిన్ బృందంలోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చినప్పుడు కొలాబాలోని స్లిప్ డిస్క్ అనే చిన్న డిస్కోలో, అక్కడి కుర్రాళ్ల వాయిద్యాలు తీసుకుని వాయించారు. ఆ రాత్రి అక్కడ ఉన్న కొద్దిమంది అదృష్టం ముందు ఆ రెండు కోట్ల దరఖాస్తులు దిగదుడుపే.

ఈ జాబితాల్లో కనిపించని పేరు ఒకటుంది. 1969 జులైలో హార్లెమ్ వేదిక మీద భక్తిగీతాల గాయని మహేలియా జాక్సన్‌కి ఒంట్లో బాగాలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌కి ఇష్టమైన భక్తిగీతం ‘ప్రెషస్ లార్డ్’ని మొదలుపెట్టమని పక్కనున్న గాయని మేవిస్ స్టేపుల్స్‌ని అడిగింది. మేవిస్‌కి అప్పుడు 30 ఏళ్లు. మొదటి చరణం ఆమె పాడింది, తర్వాత మహేలియా లేచింది, చివరికి ఇద్దరూ ఒకే మైకులో పాడారు. ‘సమ్మర్ ఆఫ్ సోల్’లో రోమాలు నిక్కబొడిచేది అక్కడే. మహేలియా 1972లో పోయింది, ఆమెని చూసి ఉంటే బాగుండేదని అందరూ అంటారు. 1939లో పుట్టిన మేవిస్ ఎనభై దాటాక కూడా ఊరూరా తిరిగి పాడింది, బొంగురు గొంతుతో, అదే చర్చి పద్ధతిలో, జనం బదులు పలికేదాకా వదలకుండా. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో పాత సోల్ అంటే పడిచచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఓటిస్‌ని చూడలేదని వాళ్లు చెప్పడం వింటాం, మేవిస్ కచేరీకి వెళ్లొచ్చామని చెప్పగా వినడం మాత్రం తక్కువ.